కాలు మోపనివ్వని మర్యాద

ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. నేనేదో మెత్తగా, కళ్ళు చెమర్చేలా చెబుతానని వాళ్ళ ఆశ. నా దగ్గర అలాంటిది లేదు. నాకు బాగా గుర్తున్న కేసు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై తాడేపల్లిగూడెం వచ్చేస్తే బీపీ తగ్గుతుందన్నారు. తగ్గింది కూడా. కానీ ఏలూరులో పనిబడి, నేను పనిచేసిన ఆస్పత్రి ముందు నుంచి ఆటోలో వెళ్ళానంటే చాలు, మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ ఆస్పత్రి పేరు చెప్పను. ఎవరి పేరూ చెప్పను. పేర్లు చెబితే మీరు వాళ్ళని నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా ఊరుకుంటారు. చెప్పకపోతే, ఇది మన దగ్గర కూడా జరుగుతోందేమోనని ఒకసారి చుట్టూ చూస్తారు. నాకు కావలసింది అదే.

ఆయనది కొల్లేటికోట. చేపల చెరువుల్లో పట్టుబడి జరిగేటప్పుడు వల లాగే బృందం ఒకటి ఉంటుంది కదా, దానికి మేస్త్రి. ఉండి దగ్గర ఒక చెరువు గట్టు మీద చేపల ట్రేలు ఎక్కిస్తుంటే వ్యాను వెనక్కి జారి ఆయన కాలి మీదికొచ్చింది. మోకాలి కింద పెద్ద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఒకచోట ప్లేటు వేశారు, చీము పట్టింది. ఇంకోచోట ఆ ప్లేటు తీశారు. తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి చీమైతే ఆగింది గానీ, ఎముక ముక్కలు రెండూ ఇంకా పెడమొహం పెట్టుకునే ఉన్నాయి.

మా ఎముకల డాక్టరు గారి చెయ్యి మంచిది. అది నేనెప్పుడూ కాదనలేదు. కాలి చుట్టూ స్టీలు రింగులు పెట్టి, ఎముకలోంచి సన్నటి తీగలు దూర్చి, ఆ తీగల్ని రింగులకి బిగించారు. తర్వాత మేస్త్రి గారి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను ఒకచోటికి చేర్చి, విరిగిన చోట ఇంజక్షనుగా ఎక్కించారు. స్టెమ్ సెల్ చికిత్స అంటే మా ఆస్పత్రికి అప్పుడు కొత్త. స్టాఫందరం గర్వపడ్డాం. నేనూ పడ్డాను.

మూలకణాల సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే. ఆపరేషనుకి కొద్దిరోజుల ముందు ఏలూరులో ఒక హోటలు హాల్లో డాక్టర్ల సమావేశం జరిగితే ఆయన తెర మీద బొమ్మలు వేసి చాలా బాగా మాట్లాడారు. ఈ కణాలు ఇంకా ఏమవ్వాలో తేల్చుకోనివి. వాటికి మందులూ రసాయనాలే కాదు, ఒత్తిడి కూడా దారి చూపిస్తుంది. తాము కూర్చున్న చోటిని పట్టుకుని లాగి చూసుకుంటాయి. అది మెత్తగా లొంగిపోతే కొవ్వు వైపు మొగ్గుతాయి, గట్టిగా ఎదురునిలిస్తే ఎముక వైపు మొగ్గుతాయి. విరిగిన చోట కుదుపు మరీ ఎక్కువైతే పీచులాగానో మృదులాస్థిలాగానో మిగిలిపోతాయి. అసలు కదలికే లేకపోతే ఏం చేయాలో వాటికి కబురే అందదు. మోతాదుగా, పైనుంచి కిందికి, నొక్కుతూ వదులుతూ ఉండాలి. అంటే మనిషి ఆ కాలి మీద నిలబడాలి, నడవాలి. భోజనాల దగ్గర నేను వెళ్ళి నమస్కారం పెట్టి, "మా పని ఎందుకో ఇవాళ అర్థమైందండి" అన్నాను కూడా.

ఇంతా చెప్పిన మనిషి మేస్త్రి గారి డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో తెలుసా? పూర్తి విశ్రాంతి. కాలి మీద బరువు పెట్టరాదు.

కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"డాక్టరు గారూ, ఈ రింగులు చేసిందే నడిపించడానికి కదండీ?"

"అవునండి."

"నొక్కుడు లేకపోతే కణాలకి కబురు అందదని మీరే చెప్పారు కదండీ?"

"చెప్పానండి. అది సైన్సు. ఇది డిశ్చార్జి కాగితం." పెన్ను మూత పెట్టి, నాకు కుర్చీ చూపించారు. "కూర్చోండి మేడం. నడిచాడనుకోండి, ఓ తీగ తెగిందనుకోండి, వాళ్ళ ఊరు ఊరంతా వచ్చి మన మీద పడుతుంది. పడుకున్న పేషెంటు ఎవరి మీదికీ రాడండి."

"మరి ఎముక?"

"వస్తే వస్తుంది. కావాలంటే మీరు నోటితో చెప్పుకోండి, నేను కాదనను. రాతలో మాత్రం వద్దు."

ఎంత నెమ్మదిగా చెప్పారో. మా వైపు అన్యాయం కూడా అండీ చేర్చే చేస్తారు. తెలియక రాసుంటే నాకింత కోపం వచ్చేది కాదు. తెలియనివాళ్ళకి చెప్పవచ్చు. తెలిసి రాసినవాళ్ళకి ఏం చెబుతాం?

సరే, నోటితోనే చెప్పాను. ఊతకర్రలతో లేవండి, కాలు నేలకి ఆన్చండి, కొద్దికొద్దిగా బరువు వదలండి. చేసి చూపించాను. మేస్త్రి గారు శ్రద్ధగా విని "అలాగేనండి డాక్టరమ్మ గారూ" అన్నారు. నేను డాక్టర్ని కాదంటే దానికీ "అలాగేనండి" అన్నారు. తర్వాత చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ బరువు పెడుతున్నారా అని అడిగేదాన్ని. "పెడుతున్నానండి" అనేవారు. ఎక్స్‌రేలో మాత్రం ఆ ఖాళీ ఖాళీగానే ఉండేది. నెలలు గడిచాయి.

చివరికి డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి పెదవి విరిచారు. "ఈయన కణాల్లో పస లేదండి. ఇంకోసారి ఎక్కిద్దాం. అప్పటికీ రాకపోతే ఇలా ఏళ్ళ తరబడి ఈడ్చేకంటే మోకాలి కింద తీసేయించుకోవడమే మంచిది" అన్నారు. మేస్త్రి గారి భార్య మందుల సంచి పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆమె ఏడవలేదు. "తీసేస్తే మరి చెరువులోకి దిగడం ఎలాగండి?" అని అడిగింది. డాక్టరు గారు తర్వాతి పేషెంటుని పిలిచారు. ఒక్క కాలితో బురదలో నిలబడి వల లాగే మనిషిని నేనైతే చూడలేదు.

ఆ వారం ఆదివారం కొల్లేటికోట వెళ్ళాను. నన్నెవరూ పంపలేదు. బస్సు దిగి, పడవెక్కి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను.

నేను వెళ్ళేసరికి మేస్త్రి గారు వాకిట్లో కుర్చీలో ఊరేగుతున్నారు. మాట వరసకు అనడం లేదు. ఆయన వల మనుషులు నలుగురు ప్లాస్టిక్ కుర్చీకి అటూ ఇటూ వెదురుబొంగులు కట్టి, ఆయన్ని ఎండలోంచి నీడలోకి మోసుకొస్తున్నారు. దించగానే భార్య పరుగున వచ్చి ఎదురుగా ముక్కాలిపీట వేసి, దాని మీద దిండు, దిండు మీద ఉతికిన తువ్వాలు, తువ్వాలు మీద ఆ రింగుల కాలు పెట్టింది. నన్ను చూసి ఆయన లేవబోయారు. అంతే, అయిదుగురూ ఒక్కసారిగా "లేవకండి లేవకండి" అన్నారు. నేనున్న కాసేపట్లో పరామర్శకి ఇంకో ముగ్గురొచ్చారు. గడపలోంచే ఒక్కొక్కరూ "మీరు కూర్చోండి మేస్త్రి గారూ, మీరు కదలకండి" అంటూనే లోపలికొచ్చారు.

భార్య నాకు మజ్జిగ ఇస్తూ, ఎంతో సంతోషంగా చెప్పింది. "ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ కాలు ఒక్కసారి కూడా నేలకి తాకనివ్వలేదండి. స్నానానికి కూడా వాళ్ళే ఎత్తుకెళ్ళి తీసుకొస్తారండి."

నేను ఆ కాలు పట్టుకుని చూశాను. జీవితమంతా చెరువుల్లో, గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగిన కాలు. అరికాలు పసిబిడ్డది మాదిరి మెత్తబడిపోయింది, ఒక్క పగులు కూడా లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పెడుతున్నానన్నారు కదండీ ఇన్నాళ్ళూ?"

ఆయన తల దించుకున్నారు. "మీరు అంత శ్రద్ధగా అడుగుతుంటే లేదనడం బాగోదని అన్నానండి. కాగితంలో పెట్టొద్దని ఉంది. మీరేమో పెట్టమన్నారు. ఇద్దరినీ నొప్పించడం ఎందుకని, మీకు మాట ఇచ్చానండి, ఆయన రాసింది చేశానండి."

"మీ మర్యాద తగలెయ్య!" అని అరిచాను. నిజంగానే అరిచాను. పరామర్శకి వచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఈ దిండ్లూ, ఈ కుర్చీలూ, ఈ లేవకండి లేవకండీ, ఇవే మీ కాలు తీయించేస్తున్నాయండి! ఆస్పత్రి వాళ్ళేమో మీ కణాల్లో పస లేదంటున్నారు. వాటికి పని చెప్పినవాళ్ళు ఎవరండీ?"

అంత కోపంలోనూ అండీ వదల్లేదు చూశారా. నేనూ ఈ నీళ్ళే తాగి పెరిగాను.

కాసేపటికి చల్లబడి, హోటలు హాల్లో విన్నదంతా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాను. కణాలు తామున్న చోటిని పట్టుకుని చూసుకుంటాయని, గట్టిగా తగిలితే ఒక దారి, మెత్తగా తగిలితే ఇంకో దారి పడతాయని. మేస్త్రి గారు కళ్ళు చిట్లించి విన్నారు.

"అంటే మేం చెరువులో దిగినట్టేనన్నమాటండి. నీళ్ళ కింద కనపడదు కదండీ. కాలితో తడుముకుంటాం. బురదైతే ఒక అడుగు, గట్టి నేలైతే ఒక అడుగు."

"అంతేనండి. మీరు కాలు ఆన్చకపోతే వాటికి అడుగు తెలియదు."

"ఎంత బరువు పెట్టాలండి?"

"ప్రస్తుతానికి ఇరవై కేజీలు."

"ఇరవై కేజీలని కాలికి ఎలా తెలుస్తుందండి?" అని తనే అడిగి, తనే ఆగి, వెనక్కి తిరిగి కేకేశారు. "కాటా తీసుకురండ్రా!" అన్ని నెలల్లో నేను ఆయన మేస్త్రి గొంతు వినడం అదే మొదటిసారి.

చేపలు తూచే ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. పొలుసులు అంటుకుని, ఉప్పు పట్టి ఉంది. దాని ఎత్తుకి సరిపోయేలా పక్కన చెక్కలు పేర్చాం. మంచి కాలు చెక్కల మీద, రింగుల కాలు కాటా మీద, రెండు చంకల కింద ఊతకర్రలు. ఇందాక కుర్చీ మోసినవాళ్ళే చుట్టూ నిలబడ్డారు, పడితే పట్టుకోవాలి గానీ ముందే పట్టుకోకూడదని గట్టిగా చెప్పాను. భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మడమ ఆనింది. అంకె కదిలింది. మూడు, ఏడు, పన్నెండు. ఆయన నుదుటి మీద చెమట. పద్దెనిమిది, ఇరవై. "చాలు" అన్నాను. అంకె ఆగలేదు. ఇరవై నాలుగు దాకా పోయింది, ఆయన పళ్ళ బిగువున మూలిగారు, ఒక తీగ మొదట్లో చిన్న రక్తపు చుక్క కనపడింది.

"ఇరవై అన్నాను కదండీ!"

"మొగ్గు వేశానండి" అన్నారు రొప్పుతూ. "తూకం దగ్గర మొగ్గు లేకపోతే బాగోదు కదండీ."

కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. ట్రే తూచినప్పుడల్లా కొనేవాడికి కాస్త ఎక్కువ వేసి ఇవ్వడం వాళ్ళకి అలవాటు. నేను ఇరవై అడిగాను కాబట్టి నాకు కూడా మొగ్గు వేశారు! ఎముక మీద మర్యాద! తీగ తుడిచి, కట్టు కట్టి, "ఇక్కడ అమ్మేదెవరండీ, కొనేదెవరండీ? ఈ మొగ్గు ఎవరికండీ?" అని నిలదీశాను. ఆయన నిజంగా ఆలోచించారు. "ఎవరికీ లేదండి" అని ఒప్పుకున్నారు. ఎక్కువైతే కణాలు ఎముక కాకుండా పీచుగా మిగిలిపోతాయని, చెప్పిన అంకెకి ఇటూ అటూ పోకూడదని ఇంకోసారి చెప్పాను. ఆ రోజు నుంచి భార్యే తూకందారు. ఒక్క కేజీ మొగ్గినా ఊరుకునేది కాదట.

సోమవారం డాక్టరు గారిని కలిసి, రెండో ఇంజక్షనుని ఇంకో ఎక్స్‌రే దాకా ఆపమని అడిగాను. ఎందుకని అడిగితే కారణం చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి "మీ ఇష్టమండి" అన్నారు. కాగితం మాత్రం మార్చలేదు.

వారాలు గడిచేకొద్దీ కాటా మీద అంకె పెంచుతూ పోయాం. గడపలో నిలబడి "లేవకండి" అనబోయినవాళ్ళని ఇంటివాళ్ళే ఆపేవారు. కుర్చీకి కట్టిన బొంగులు విప్పి వల కర్రలకి వాడేసుకున్నారు. తర్వాతి ఎక్స్‌రేలో ఆ ఖాళీలో సన్నటి పొగలాంటిది కనిపించింది. ఆ తర్వాతి దాంట్లో అది పాలలా చిక్కబడింది. ఎముక అతుక్కుంది. రింగులు తీసేశారు. ఇంజక్షను పనికిరాలేదని నేను అనడం లేదు. ఆ కణాలు అక్కడ లేకపోతే నేనెంత తొక్కించినా లాభం ఉండేది కాదేమో. రెండూ కావాలి. నా కోపమల్లా ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని రెండోదాన్ని తొక్కిపెట్టినందుకే.

ఎందుకంటే అప్పుడు ఫ్లెక్సీ కట్టారు. ఆస్పత్రి గేటు మీద ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి. మేస్త్రి గారు నవ్వుతూ నిలబడి ఉన్నారు, ఆయన భుజం మీద డాక్టరు గారి చెయ్యి. పైన "ఒక్క ఇంజక్షన్‌తో అతుక్కున్న ఎముక! మూలకణాల అద్భుతం!" అని ఎర్రక్షరాలు.

అది చూసి జనం రాసాగారు. గణపవరం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. స్కూటరు మీంచి పడి తొడ ఎముక విరిగి, ఎన్నాళ్ళైనా అతక్కపోతే అంతకుముందు వేయించుకున్న రాడ్డు మా దగ్గర మార్చి, మూలకణాలు ఎక్కించి, ఆమెకూ అదే కాగితం ఇచ్చారు. పూర్తి విశ్రాంతి. చెకప్‌కి వచ్చి స్ట్రెచర్ మీద పడుకుని, "ఇంజక్షను అయి చాన్నాళ్ళయిందండి. అద్భుతం ఎప్పుడు మొదలవుతుందండీ?" అని నన్నే అడిగింది. లేవమంటే భయపడింది. పేపర్లో వద్దని ఉంది కదండీ అంది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఫ్లెక్సీలో కాలు మోపి నడిచాకే అతికిందని ఇంకో లైను వేయించమన్నాను. ఆయన నవ్వాడు. "అన్నీ పట్టవు మేడం. అయినా లేచి నడవండని రాస్తే ఇంత దూరం ఎవరొస్తారండీ?"

ఆ తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. ఫ్లెక్సీ మార్చారు. మేస్త్రి గారి బొమ్మ తీసి వేరే ఎవరి బొమ్మో వేశారు. రాత మాత్రం అదే ఉంచారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, నా బీపీకి కారణం అదే. బొమ్మ ఎందుకు మార్చాల్సొచ్చిందో చెప్పి ముగిస్తాను.

మేస్త్రి గారు ఆఖరి చెకప్‌కి కర్ర లేకుండా, నడిచి వచ్చారు. గేటు దగ్గర ఆగి ఫ్లెక్సీ మొత్తం చదివారు. లోపలికొచ్చి నన్ను అడిగారు.

"డాక్టరమ్మ గారూ, ఇందులో కాటా లేదేంటండీ?"

లేదన్నాను. వాళ్ళు వేయరన్నాను. టీచరమ్మ గురించి చెప్పాను. ఆమె ఆ రోజు కూడా హాల్లోనే స్ట్రెచర్ మీద ఉంది.

ఆయన నేరుగా హాలు మధ్యకి వెళ్ళి ఆమె స్ట్రెచర్ పక్కన నిలబడ్డారు. పంచె కాస్త పైకి లాగి, మచ్చలన్నీ కనపడేలా కాలు ముందుకు పెట్టారు. "ఏవండీ, బయట బొమ్మలో ఉన్నది నేనేనండి. అందులో రాసింది సగమేనండి. ఇంజక్షను వేశారు, నిజమేనండి. కానీ నేను పడుకున్నన్నాళ్ళూ ఎముక రాలేదండి. కాలు మోపాక వచ్చిందండి. ఎంత మోపాలో ఈ మేడంగారిని అడగండి. మొగ్గు వేయకండి" అన్నారు. గొంతు పెంచలేదు. టీచరమ్మ మోచేతుల మీద లేచి ఆ కాలినే చూస్తోంది.

మేనేజరు బయటికొచ్చాడు. వెనకాలే వాచ్‌మన్ ఒక కుర్చీ తెచ్చి, చేత్తో దుమ్ము తుడిచి, మేస్త్రి గారి వెనకాల వేశాడు.

"అయ్యో, మేస్త్రి గారూ, మీరు నిలబడ్డారేంటండీ? కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను. ముందు కూర్చోండి" అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా.

మేస్త్రి గారు ఆ కుర్చీని చూశారు. అన్నాళ్ళలో ఎవరికీ కాదని చెప్పగా నేను వినని మనిషి.

"వద్దండి" అన్నారు. "నిలబడతానండి."